5040 వరసలు, ఏడు గంటలు

స రి గ మ ప ద ని. ఏడూ పలకాలి, ఏదీ రెండోసారి రాకూడదు, ఒకసారి పలికిన వరస మళ్ళీ పలకకూడదు. అలా ఎన్ని వరసలు వస్తాయి? మొదటి చోట ఏడింటిలో ఏదైనా పెట్టుకోవచ్చు. రెండో చోటికి ఆరు మిగులుతాయి, మూడో చోటికి ఐదు. చివరిదాకా గుణించుకుంటూ పోతే 5040. ఇంటర్మీడియట్‌లో ప్రస్తారాలు చదివిన పిల్లలకు ఇది అర నిమిషం లెక్క.

ఆ లెక్కను నిజంగా మోగించి చూసినవాళ్ళున్నారు. 1715 మే 2న ఇంగ్లండ్‌లోని నార్విచ్‌లో, సెయింట్ పీటర్ మాన్‌క్రాఫ్ట్ చర్చి గోపురంలో తాళ్ళు పట్టుకుని నిలబడ్డ జట్టు, 5040 వరసలనూ ఒక్కటి తప్పిపోకుండా, ఒక్కటి రెండుసార్లు రాకుండా గంటల మీద పలికించింది. పట్టిన సమయం 198 నిమిషాలు. సగటున వరసకు 2.36 సెకన్లు. ఎవరి చేతిలోనూ రాసుకున్న కాగితం లేదు, ఉన్నా చదువుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు. గంటలు మోగించడాన్ని ఒక సంగీతంగా పెంచుకున్న ఆ సంప్రదాయంలో ఇది తొలి పూర్తి లెక్కగా పేరు తెచ్చుకుంది.

మన దగ్గర గంటలున్నాయి, ఏడు స్వరాలున్నాయి, ఆ 5040 లెక్క కూడా వాళ్ళకంటే నాలుగు వందల ఏళ్ళ ముందే ఉంది. ఈ మూడూ ఒక్కచోట కలవలేదు. ఎందుకు కలవలేదో చూద్దాం.

ఒక గంటకు ఒకటే వరస

బేస్తవారిపేట చుట్టుపక్కల గంటలకు కరువు లేదు. మార్కాపురం చెన్నకేశవుడి గుళ్ళో గంట, త్రిపురాంతకంలో గంట, ఊరూరా రామాలయంలో గంట. శివరాత్రి ముందు దోర్నాల మీదుగా శ్రీశైలం నడిచిపోయే బాటలో జంగం దేవరకు ఒక చేత గంట, ఒక చేత శంఖం. దాసరి భుజానికి జేగంట: గుండ్రటి కంచు పళ్ళెం, కొట్టడానికి చిన్న కొయ్య సుత్తి. మందకు ముందు నడిచే మేకపోతు మెడలో ఒకటి. బుర్రకథకుడి వేలికి తొడిగిన అందెలూ ఈ జాతివే. ఇక బడి గంట అంటే చాలా ఊళ్ళలో అది గంటే కాదు, వేపకొమ్మకు ఇనుప తీగతో వేలాడదీసిన రైలు పట్టా ముక్క. గుంటూరు–గుంతకల్లు లైను పక్కన బతికేవాళ్ళకు పట్టా ముక్కకు లోటేముంది.

వీటన్నిటికీ ఒక పోలిక ఉంది. ఏ చోట చూసినా ఉన్నది ఒక్క గంటే. ఒక వస్తువును వరస పెట్టే పద్ధతి ఒకటే కాబట్టి దాని లెక్క 1 దగ్గరే ఆగిపోతుంది. అది పిలుస్తుంది, వేళ చెప్తుంది, తాళం వేస్తుంది. రాగం పని మనిషి గొంతుది.

చర్చి గంటదీ ఇదే కథ. కంభం చెరువులో నిలిచే గుండ్లకమ్మ నీళ్ళే కిందికి పారి వెల్లంపల్లి చేరతాయి. 1878 జులై 3న అక్కడ అమెరికన్ బాప్టిస్టు మిషన్ వాళ్ళు ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ధాత కరువు వెళ్ళిన వెంటనే జరిగిన సంగతి అది. ఆ ఊపులోనే 1882లో కంభం, 1895లో మార్కాపురం మిషన్ కేంద్రాలయ్యాయి. గిద్దలూరు వైపు నంద్యాల నుంచి ఆంగ్లికన్ మిషన్ పనిచేసింది. ఇన్ని చర్చిలు లేచినా గంట పని ఆరాధనకు పిలవడంతో సరి. పాటల సంగతి డోలక్కు, తాళాలు చూసుకున్నాయి. ఆ అమెరికన్ దొరలు తమ ఊరి చేతిగంటల సంగీతం తెచ్చి నేర్పి ఉండొచ్చు కదా అని అడగబోతారేమో, అప్పటికి అది వాళ్ళ చర్చిల్లోనే లేదు. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

నాలుక ఎటు ఊగుతుంది

ఇంట్లో పూజ గంట ఒకసారి తిరగేసి చూడండి. లోపల నాలుక ఒక చిన్న కొక్కేనికి వదులుగా వేలాడుతూ ఉంటుంది. అది అన్ని వైపులకూ తిరుగుతుంది. చెయ్యి కదిపితే ఎప్పుడు ఏ గోడకు తగులుతుందో చెప్పలేం, తగిలాక ఎన్నిసార్లు తగులుతుందో అసలే చెప్పలేం. హారతి వేళ కావలసింది ఆ గలగలే కనుక అది లోపం కాదు. కానీ నలుగురు నాలుగు గంటలు పట్టుకుని, నీ తర్వాత నేను, నా తర్వాత అతను అని సెకనులో నాలుగో వంతు తేడాతో మోగించాలంటే ఈ నాలుక పనికిరాదు.

సంగీతానికి చేసిన ఇంగ్లిష్ చేతిగంటలో మూడు మార్పులుంటాయి. నాలుక కీలు మీద కూర్చుని ముందుకూ వెనక్కూ మాత్రమే, ఒకే గీత మీద ఊగుతుంది. దానికి రెండు పక్కలా చిన్న స్ప్రింగు లాంటి ఆపుడు ఉంటుంది, కొట్టగానే గోడ నుంచి వెనక్కి లాగుతుంది, మోత అణగదు. పిడి తోలుతోనో గట్టి ప్లాస్టిక్కుతోనో చేసిన బిగువైన పట్టీ. మణికట్టు ఒక్క విసురు విసిరితే ఒక్కటే దెబ్బ. స్వరం చాలనుకున్నప్పుడు గంట అంచును భుజానికి ఆనిస్తారు, మోత ఆగిపోతుంది. ఎప్పుడు మొదలవ్వాలి, ఎప్పుడు ఆగాలి అనేవి రెండూ మోగించేవాడి చేతిలోకి వచ్చేశాయి. ఇనుప పట్టా ముక్కకూ దాసరి జేగంటకూ మొదటి గుణం ఉంది, సుత్తితో కొడతాం కనుక దెబ్బ కచ్చితంగా పడుతుంది. ఈ మాటకు చివర్లో పని ఉంటుంది.

మంచి గంటకు లోహం మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే: కంచు. గంట కంచులో సుమారు 80 పాళ్ళు రాగి, 20 పాళ్ళు తగరం. తగరం తగ్గితే మోత మొద్దుబారుతుంది, బాగా పెరిగితే గంట పెళుసెక్కి పగులుతుంది. గోదావరి సీమలో అజ్జరం లాంటి ఊళ్ళ పోతపనివాళ్ళు గుడిగంటలు పోస్తున్నారు, పోత విద్యకు మనకు కొరత లేదు. శ్రుతికి సరిపోయేలా ఏడింటిని పోయమంటేనే లెక్క వేరే అవుతుంది.

ఒకే ఆకారంలో ఉన్న రెండు గంటల్లో ఒకటి అన్ని కొలతల్లోనూ రెండింతలుంటే అది ఒక స్థాయి కింద పలుకుతుంది, బరువు మాత్రం 2×2×2, అంటే 8 రెట్లు. మంద్రానికి దిగేకొద్దీ ఖర్చు గుండె గుభేలుమనిపించేది ఇందుకే. కిలో బరువున్న గంట షడ్జమం పలికితే, అదే అచ్చులో పంచమం గంట సుమారు 296 గ్రాములు, పై షడ్జమం 125 గ్రాములు ఉండాలి. పోతలో అంత కచ్చితం కుదరదు. కాస్త మందంగా పోసి, తర్వాత లేతు మీద లోపలి గోడను గీసుకుంటూ శ్రుతికి తెస్తారు.

ఇంకో ముచ్చట. ఏ గంటా ఒక్క స్వరమే పలకదు, దాని లోపల నాలుగైదు స్వరాలు కలిసి మోగుతాయి. పాశ్చాత్యుల గోపురం గంటను శ్రుతి చేసేటప్పుడు ఐదింటిని సరిచూస్తారు. వాటి నిష్పత్తులు 0.5, 1, 1.2, 1.5, 2. మన మాటల్లో చెప్పాలంటే మంద్ర షడ్జమం, షడ్జమం, సాధారణ గాంధారం, పంచమం, తార షడ్జమం. ఆ గాంధారం లోపల దాక్కుని ఉండటం వల్లే పెద్ద చర్చి గంట మోతలో ఒక దిగులు వినిపిస్తుంది. చేతిగంటను అలా చెయ్యరు. అందులో ముఖ్య స్వరానికి మూడు రెట్ల కంపనం, అంటే పై స్థాయి పంచమం, తోడుగా ఉండేలా మలుస్తారు. షడ్జమానికి పంచమం తోడు. తంబూర శ్రుతి విన్న చెవికి ఇది కొత్తేం కాదు.

మార్కాపురం పలక మీద నాలుగు స్వరాలు

ఇప్పుడు వరసల సంగతి. గోపురంలో గంటలు వందల కిలోల బరువు. ఇంగ్లిష్ పద్ధతిలో ఒక్కో గంట పెద్ద చక్రానికి బిగించి ఉంటుంది. తాడు లాగితే గంట నోరు పైకి తిరిగి, పూర్తి చుట్టు చుట్టి వస్తుంది. ఒక్కో చుట్టుకు రెండు సెకన్లు అటూ ఇటూ. అంత బరువును నడిమధ్యలో ఆపలేరు. కాస్త ముందుకు తొయ్యవచ్చు, కాస్త వెనక్కి పట్టవచ్చు, అంతే. కాబట్టి ఒక వరసలో మూడో చోట మోగిన గంట తర్వాతి వరసలో రెండో చోట గానీ, మూడో చోట గానీ, నాలుగో చోట గానీ మోగగలదు. ఐదో చోటికి దూకలేదు.

ఈ సంగీతానికి వ్యాకరణం అంతా ఈ ఒక్క బరువు సమస్యలోంచి పుట్టింది. పాట వాయించలేని గంటలతో ఏం చెయ్యాలి? వరసలు మార్చుకుంటూ పోవాలి. ఎవరూ ఒక్క అడుగుకు మించి కదలకుండా, ఏ వరసా మళ్ళీ రాకుండా అన్ని వరసలూ తిరిగి ఇంటికి చేరాలి. ఇది పలక మీద వేస్తేనే బుర్రకెక్కుతుంది, పలక మార్కాపురానిదైతే మరీ మంచిది. నాలుగు గంటలకు స, రి, గ, మ అని పేర్లు పెట్టుకుని రాయండి:

స రి గ మ
రి స మ గ
రి మ స గ
మ రి గ స
మ గ రి స
గ మ స రి
గ స మ రి
స గ రి మ

పద్ధతి ఏమిటంటే, ఒకసారి రెండు చివర్ల జంటలూ చోట్లు మార్చుకుంటాయి, తర్వాతిసారి నడిమి జంట మాత్రం మార్చుకుంటుంది. అంతే, ఇవే మార్చి మార్చి. ‘స’ను వేలితో పట్టుకుని కిందికి రండి. మొదటి చోటు నుంచి ఒక్కో అడుగు వేస్తూ నాలుగో చోటికి పోయి, అక్కడ ఒకసారి నిలబడి, మళ్ళీ ఒక్కో అడుగు వేస్తూ మొదటికి వచ్చింది. మిగతా మూడూ అదే నడక నడుస్తున్నాయి, బయల్దేరిన చోటే వేరు. మోగించేవాడు గుర్తుపెట్టుకోవలసింది 5040 వరసలు కాదు, తన గంట నడిచే ఈ దారి ఒక్కటి. కాగితం అక్కర్లేకపోవడానికి కారణం ఇదే.

ఎనిమిదో వరస తర్వాత మామూలుగా నడిమి జంటను మారిస్తే మళ్ళీ ‘స రి గ మ’ వచ్చేస్తుంది, ఆట ముగిసిపోతుంది. ఉన్నవి 24 వరసలు, మనం మోగించినవి 8. అందుకని ఇక్కడ ఒక మెలిక పెడతారు. నడిమి జంటను కదపకుండా, ముందు రెండింటినీ నిలబెట్టి, చివరి రెండింటిని మారుస్తారు: స గ మ రి. అక్కడి నుంచి పాత నడకే. ఇంకో ఎనిమిది కొత్త వరసలు వస్తాయి. మళ్ళీ అదే మెలిక, మరో ఎనిమిది. మూడెనిమిదులు 24. మూడో మెలికకు ‘స రి గ మ’ ఇంటికొస్తుంది.

వాళ్ళు 1వ నంబరు హెచ్చు స్థాయి గంటకు ఇస్తారు కనుక వాళ్ళ మొదటి వరస ‘మ గ రి స’ లాగా పై నుంచి కిందికి దిగుతుంది. లెక్కలో తేడా ఏం రాదు.

నాలుగు గంటలకు 24, ఐదుకు 120, ఆరుకు 720, ఏడుకు 5040, ఎనిమిదికి 40,320. ఎనిమిది గంటల లెక్కను గోపురంలో ఒకే బృందం, ఎవరూ చెయ్యి మారకుండా పూర్తి చేసింది 1963 జులైలో, లఫ్‌బరోలో. ఎనిమిది మంది, 1,078 నిమిషాలు. అంటే పద్దెనిమిది గంటల కాలానికి రెండు నిమిషాలు తక్కువ. వరసకు 1.6 సెకన్లు, దెబ్బకూ దెబ్బకూ నడుమ 0.2 సెకను, మొత్తం 3,22,560 దెబ్బలు. మధ్యలో విరామం లేదు. ఇది భక్తా, మొండితనమా, లెక్కల పిచ్చా అని అడిగితే మూడూ అనే చెప్పాలి. పన్నెండు గంటలకు వరసలు 47 కోట్ల 90 లక్షల 1,600. లఫ్‌బరో వేగంతోనే మోగించినా 24 ఏళ్ళకు పైనే పడుతుంది. అందుకే ఎవరూ ఆ జోలికి పోరు. ఏడింటికి పుట్టిన 5040 కొలతగా స్థిరపడింది, సుమారు 5000 వరసలు మోగిస్తే పూర్తి మోత కింద లెక్క.

ఈ విద్యకు మొదటి పుస్తకం ‘టిన్టినలోజియా’ 1668లో లండన్‌లో వచ్చింది. దాన్ని అచ్చువేయించిన ఫేబియన్ స్టెడ్‌మన్ 1677లో ‘కంపనలోజియా’ అని తనే ఒకటి రాశాడు. వృత్తికి ముద్రాపకుడు. అక్షరాలను వరస మార్చి పేర్చేవాడికి గంటల వరసలు పట్టుబడటంలో వింత లేదు.

ఇండియాలో ఈ పద్ధతి చూడాలంటే పుణె వెళ్ళాలి. అక్కడి హోలీ నేమ్ కెథెడ్రల్ గోపురంలో ఇలా తిరిగే 8 గంటలున్నాయి.

గోపురం దిగిన గంటలు

చేతిగంటలు గోపురం గంటల సాధన కోసం పుట్టినవి. చలికాలం రాత్రి మెట్లెక్కి, ఊరందరి నిద్ర చెడగొడుతూ సాధన చెయ్యడం కంటే వెచ్చగా గదిలో కూర్చుని చిన్న గంటలతో చేసుకోవడం నయం. విల్ట్‌షైర్‌లోని ఆల్డ్‌బోర్న్ ఊరి కోర్ సోదరులు 17వ శతాబ్దం చివర, 18వ శతాబ్దం మొదట్లో ఇలాంటి గంటలు చేసి పేరు తెచ్చుకున్నారు. మనిషికి రెండు చేతులు, రెండు గంటలు. గోపురంలో 8 మంది పని గదిలో నలుగురు చేస్తారు. బరువు సమస్య లేదు కాబట్టి ఇక్కడ గంట ఏ చోటికైనా దూకగలదు, అయినా ఒక్క అడుగు నియమాన్ని వదల్లేదు. అవసరం తీరాక కూడా నియమం అందం కింద మిగిలిపోవడం సంగీతంలో మనకు తెలియని సంగతేం కాదు. 2007లో లండన్‌లో ముగ్గురు మనుషులు ఆరు చేతిగంటలతో 72,000 వరసలు ఏకబిగిన మోగించారు. ఒక పగలూ ఒక రాత్రీ దాటింది.

గంట తేలికయ్యాక దానితో పాట కూడా వాయించవచ్చని తెలియడానికి ఎంతో కాలం పట్టలేదు. 19వ శతాబ్దంలో ఉత్తర ఇంగ్లండ్ మిల్లు ఊళ్ళ జట్లు డజన్ల కొద్దీ గంటలు బల్ల మీద పరిచి పాటలు వాయించేవి. 1840లలో అమెరికన్ ప్రదర్శనల వ్యాపారి బార్నమ్ లాంకషైర్ జట్టు ఒకదాన్ని తీసుకుపోయి, స్విస్ పల్లెటూరివాళ్ళ వేషం వేయించి, ‘స్విస్ గంటలవాళ్ళు’ అని టికెట్లు అమ్మాడు. అమెరికాకు అలా వేషంతో వచ్చిన విద్య వేషం తీసేసి చర్చిలోకి అడుగుపెట్టడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. బోస్టన్‌కు చెందిన మార్గరెట్ షర్‌క్లిఫ్ 1902లో ఇంగ్లండ్‌లో గంటలు మోగించి, లండన్ వైట్‌చాపెల్ కార్ఖానా చేతిగంటలతో ఇంటికి తిరిగొచ్చారు. అక్కడి నుంచి అందుకుని 1954 నాటికి దేశమంతటికీ ఒక సంఘం ఏర్పడింది. కంభం మిషన్ 1882ది. అప్పటి దొర పెట్టెలో ఈ గంటలు ఎందుకు లేవో తారీఖులే చెప్తున్నాయి. 1570 నుంచి లెక్క చెప్పుకునే ఆ వైట్‌చాపెల్ కార్ఖానా 2017లో మూతపడింది.

ఇప్పటి చేతిగంటల బృందానికి మూడు స్థాయిల సెట్టు అంటే 37 గంటలు, ఐదు స్థాయిలంటే 61. పది నుంచి పదమూడు మంది కలిసి వాయిస్తారు. ఒక్కొక్కరి వంతుకు వచ్చేది కొద్ది స్వరాలే. పాట మొత్తం ఎవరి చేతిలోనూ ఉండదు. ఒకాయన జ్వరంతో రాకపోతే ఆ రోజు పాటకు మధ్యమం ఉండదు.

లెక్కల కొలువులో శార్ఙ్గదేవుడు

ఇక మన వైపు. 13వ శతాబ్దం మొదటి సగంలో దేవగిరి యాదవరాజు సింఘణుడి కొలువులో లెక్కల అధికారి శార్ఙ్గదేవుడు. మన భాషలో చెప్పుకుంటే రాజ్యానికంతా పెద్ద కరణం. ఆయన రాసిన ‘సంగీత రత్నాకరం’లో ఏడు అధ్యాయాలు. మొదటి అధ్యాయం స్వరాలది. స్వరాలను వరసలు మార్చి పేర్చడాన్ని ప్రస్తారం అన్నాడు, ఏడింటికి 5040 అని తేల్చాడు. ఇంటర్ లెక్కల్లో పిల్లలు చదివే పేరూ అదే.

సంఖ్య చెప్పి ఊరుకుంటే కరణం ఎందుకవుతాడు. 5040లో 2,317వ వరస ఏది అని అడిగితే ముందువన్నీ రాయకుండా ఎలా చెప్పాలి? ఫలానా వరస ఎన్నోది అని అడిగితే? మొదటి ప్రశ్న నష్టం, రెండోది ఉద్దిష్టం. రెండింటికీ జవాబు చెప్పే ఒక మెట్ల పట్టిక ఇచ్చాడు, పేరు ఖండమేరువు. ఏడు నిలువు గడులు. మొదటి దాంట్లో 1. రెండో దాంట్లో 0, 1. మూడో దాంట్లో 0, 2, 4. నాలుగో దాంట్లో 0, 6, 12, 18. ఐదో దాంట్లో 24 చొప్పున పెరుగుతూ 96 దాకా, ఆరో దాంట్లో 120 చొప్పున 600 దాకా, ఏడో దాంట్లో 720 చొప్పున 4,320 దాకా. ఒక్కో నిలువు నుంచి ఒక్కో అంకె ఏరి కూడితే వరస నంబరు వస్తుంది. అన్నిటిలోనూ అట్టడుగు అంకెలు తీసుకోండి: 1, 1, 4, 18, 96, 600, 4,320. కూడితే 5040. ఆఖరి వరస నంబరు. పట్టికలో ఒక్క గడి కూడా వృథా పోదు.

ఆ గ్రంథానికి 14వ శతాబ్దంలో ‘సంగీత సుధాకరం’ అనే వ్యాఖ్య రాసింది రాచకొండ ఏలిన రేచర్ల సింగభూపాలుడు. అంటే ఈ 5040 తెలుగు నేల మీద ఒక రాజు కూర్చుని విడమరిచి చెప్పిన లెక్క, నార్విచ్ గోపురానికి మూడు వందల ఏళ్ళ పైచిలుకు ముందు.

చిత్రమేమిటంటే అదే ‘సంగీత రత్నాకరం’ ఆరో అధ్యాయంలో వాద్యాలున్నాయి. ఘనవాద్యాల కింద ఘంట ఉంది, చిరుగంటలున్నాయి, జయఘంట ఉంది. గంట ఆరో అధ్యాయంలో ఉండిపోయింది, 5040 మొదటి అధ్యాయంలో ఉండిపోయింది. ఒకే అట్టల మధ్య ఉండి పలకరించుకోలేదు.

దీన్ని వెనకబాటుతనం అనుకోవడం నాకు సమ్మతం కాదు. కారణం గమకం. మన రాగం స్వరాల మీద కంటే స్వరాల నడుమ దారిలో ఎక్కువ బతుకుతుంది. గంట ఒకసారి మోగితే ఉన్నచోటే ఉంటుంది, ఊపలేం, జార్చలేం, పక్క స్వరాన్ని తాకించి తేలేం. పై షడ్జమంతో కలిపి పదమూడు గంటలు పెట్టుకుని 72 మేళకర్తల ఆరోహణ, అవరోహణ మోగించవచ్చు, తోడి మాత్రం రాదు, తోడి స్వరాలు వస్తాయి. ఆ సంగతి తెలిసినవాళ్ళు కనుకే గంటకు రాగం అప్పజెప్పలేదు, తాళం అప్పజెప్పారు. గంటకు సరిగ్గా సరిపోయేవి మన దగ్గర కొన్ని ఉన్నాయి. ముత్తుస్వామి దీక్షితులు యూరోపియన్ బ్యాండు వరసలకు సంస్కృత సాహిత్యం కట్టిన నోట్టుస్వరాలు, దాదాపు నలభై. శంకరాభరణం స్వరాలు, గమకం లేదు, తగినన్ని గంటలుంటే పిల్లలు వాయించేస్తారు. వరసల ఆటకైతే గమకం ప్రశ్నే లేదు, అక్కడ రాగమే లేదు కదా.

ఒక గొట్టం, ఏడు ముక్కలు

కంచు గంటల సెట్టు కొనడం బేస్తవారిపేట బడికి అయ్యే పని కాదు. వెల్డింగు షాపులో అయ్యే పని ఒకటుంది.

రెండు వైపులా వదులుగా వేలాడే ఇనుప గొట్టం పలికే స్వరం దాని పొడవు వర్గానికి విలోమంగా ఉంటుంది. పొడవు సగం చేస్తే కంపనం రెండింతలు కాదు, నాలుగింతలు. కాబట్టి ఒక స్థాయి పైకి వెళ్ళడానికి పొడవును సగానికి కొయ్యకూడదు, 0.707 వంతు ఉంచాలి. 60 సెంటీమీటర్ల ముక్కను షడ్జమం అనుకుంటే రిషభానికి 56.6, గాంధారానికి 53.7, మధ్యమానికి 52, పంచమానికి 49, ధైవతానికి 46.5, నిషాదానికి 43.8. ఇవి శంకరాభరణం స్వరాలు. ఏడూ ఒకే గొట్టంలోంచి కొయ్యాలి, మందం మారితే లెక్క మారుతుంది. కోతకు మిల్లీమీటరు ఎక్కువ ఉంచుకుని ఆకురాయితో అరగదీసుకుంటూ శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని సరిచూసుకోవాలి. ఎక్కువ అరిగితే మళ్ళీ అతకడం ఉండదు.

వేలాడదీసే చోటు కూడా లెక్కే. కొస నుంచి పొడవులో 22.4 శాతం దగ్గర గొట్టం దాదాపు కదలదు. 60 సెంటీమీటర్ల ముక్కకు 13.4 సెంటీమీటర్లు. అక్కడ నూలు తాడు కడితే మోత సాగుతుంది, మరోచోట కడితే తాడు మోతను మింగేస్తుంది. బడి పట్టా ముక్క ఠంగుమని వెంటనే చచ్చిపోవడానికి సగం కారణం తీగ కట్టిన చోటు.

ఏడు ముక్కల పొడవు కలిపితే 361.6 సెంటీమీటర్లు. ఆరు మీటర్ల గొట్టం ఒక్కటి తెస్తే సరిపోగా ఇంకా 238 సెంటీమీటర్లు మిగులుతుంది, చెడిపోయిన కోతలకు. కొట్టడానికి దాసరి సుత్తి లాంటి కొయ్య సుత్తి చాలు. ఇనుప సుత్తి వద్దు, చెవులు గింగురుమంటాయి.

మొదట నాలుగు గొట్టాలు, నలుగురు పిల్లలు, ఒక పలక. వరసకు రెండు సెకన్లు, 24 వరసలకు 96 దెబ్బలు, మొత్తం 48 సెకన్లు. 24వది ‘స రి మ గ’ అయి, మూడో మెలికకు ‘స రి గ మ’ రావాలి. రాకపోతే ఎనిమిది వరసలకొకసారి వచ్చే మెలిక దగ్గర ఎవరో నడిమి జంటను మార్చేశారన్నమాట, ఆ వరస నుంచి మళ్ళీ ఎత్తుకోవాలి. ఏడు గొట్టాలతో 5040 అంటే అదే వేగాన 168 నిమిషాలు, బడిలో దాదాపు నాలుగు పీరియడ్లు.